బెట్టకు వచ్చిన జొన్నతో జాగ్రత్త

వానలు ముఖం చాటేసిన సంవత్సరం మెట్ట పొలాల్లో మొదట కరువయ్యేది పచ్చిమేత. అప్పుడు గిడసబారిన జొన్నచేను కంటబడుతుంది. గింజ ఎలాగూ రాదు, గొడ్డయినా మేస్తుందిలే అనుకుంటాం. పెద్దలు 'నాము' అని భయపడే విషం ఉండేది సరిగ్గా ఆ చేలోనే.

లేత జొన్నలో హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని పుట్టించే పదార్థం సహజంగానే ఉంటుంది. పైరు ఎదిగేకొద్దీ అది తగ్గిపోతుంది. నీరు చాలక ఎదుగుదల ఆగిన పైరులో మాత్రం తగ్గదు. బెట్ట తరువాత ఒక జల్లు పడగానే కోసిన మోళ్ల నుండి లేచే పిలకలు మరీ ప్రమాదం. చూడటానికి నవనవలాడుతుంటాయి, అదే చిక్కు! యూరియా ఎక్కువ వేసినా విషం పెరుగుతుంది.

బావిలో కొద్దిపాటి నీరున్నవారు చేనుకు ఒక తడి ఇచ్చి, పైరు తేరుకొని పూతకు వచ్చాకే కోయాలి. నీరు లేనివారు కోసి బాగా ఎండబెట్టి చొప్పగా మేపుకోవచ్చు. పాతర వేసినా విషం చాలావరకు తగ్గుతుంది. ఆకలిగొన్న పశువుకు ముందుగా ఎండుగడ్డి వేయండి.

నాము తిన్న పశువు కొద్ది నిమిషాల్లోనే రొప్పుతుంది, తూలుతుంది, పడి కాళ్లు తన్నుకుంటుంది. పసరు మందులతో కాలయాపన చేయకండి. పశువైద్యుడు వెంటనే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బ్రతికే అవకాశం ఉంది.

జొన్న కోసిన చేలోకి పక్కవారి పశువు కూడా పోకుండా దారికి ముళ్లకంప అడ్డం వేయండి.