నల్లి – నింద – నివారణ

పంచతంత్రంలోని మిత్రభేదంలో ఒక చిన్న కథ ఉన్నది. ఒక రాజుగారి పాన్పులో మందవిసర్పిణి అనే పేను చిరకాలంగా నివసిస్తూ, రాజు గాఢనిద్రలో ఉన్నప్పుడు మాత్రమే ఆయన రక్తాన్ని గ్రోలుతూ సుఖంగా కాలం గడుపుతున్నది. ఒకనాడు అగ్నిముఖుడు అనే నల్లి అతిథిగా వచ్చి, బతిమాలి ఆశ్రయం సంపాదించి, రాజు కన్ను మూయకముందే ఆత్రంతో కుట్టినది. రాజు ఉలికిపడి లేచాడు. సేవకులు దీపాలు తెచ్చి వెదికారు. నల్లి మంచపు సందులో దూరి తప్పించుకున్నది. వస్త్రపు మడతలలో ఉన్న పేను దొరికినది, చంపబడినది.

శీలమెరుగని వారికి ఆశ్రయమీయరాదన్నది ఈ కథలోని నీతి. కాని శ్రద్ధగా చదివినవారికి ఇందులో మరి రెండు సత్యాలు కనిపిస్తాయి. మొదటిది, నల్లి బట్టలో కంటె మంచపు సందులోనే ఎక్కువగా దొరుకుతుంది. రెండవది, తొందరపడి వెదికేవాడు దోషిని గాక, చేతికి దొరికినవాణ్ణి శిక్షిస్తాడు. నల్లుల నివారణకు సంబంధించి మనం తెలుసుకోదగినదంతా ఈ రెండు సత్యాలలోనే ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం.

నల్లి స్వరూప స్వభావాలు

సంస్కృతంలో మత్కుణం, ఉర్దూలో ఖట్మల్, తెలుగులో నల్లి. దేవతలు కొండలమీద, మింటిలో, సముద్రంలో కాపురం పెట్టడానికి నల్లిబాధే కారణమని చమత్కరించిన చాటుపద్యం మనలో చాలమందికి కంఠస్థమే. శాస్త్రజ్ఞులు మనుష్యులను ఆశ్రయించే నల్లులలో ముఖ్యంగా రెండు జాతులను గుర్తించారు. చలిదేశాలలో విరివిగా కనిపించే సైమెక్స్ లెక్టులేరియస్‌కు లిన్నేయస్ 1758లో నామకరణం చేశాడు. మన వంటి ఉష్ణదేశాలలో అధికంగా ఉండేది సైమెక్స్ హెమిప్టెరస్.

ఎదిగిన నల్లి సుమారు 5 మిల్లీమీటర్ల పొడవుండి, బల్లపరుపుగా, ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. దానికి ఎగరడానికి రెక్కలు లేవు; అది దూకనూ లేదు. మందమైన అట్ట పట్టేపాటి సందు దొరికితే చాలు, అందులో ఒదిగిపోతుంది. పగలంతా అక్కడే ఉండి, రాత్రివేళ మన శరీరపు వెచ్చదనాన్ని, మనం విడిచే బొగ్గుపులుసు గాలిని ఆనవాలు పట్టి బయలుదేరుతుంది. ఐదు నుండి పది నిమిషాలలో కడుపు నింపుకొని తిరిగి సందుకు చేరుతుంది. కుట్టేటప్పుడు నొప్పి తెలియదు. దద్దురు, దురద తరువాత మొదలవుతాయి. కొందరికి దద్దురే రాదు. ఒకే పడకపై నిద్రించిన ఇద్దరిలో ఒకరు రాత్రంతా గోకుకుంటుంటే, రెండవవారు నల్లులే లేవని వాదించడానికి కారణం ఇదే.

ఆడనల్లి రోజుకు కొన్ని చొప్పున, జీవితకాలంలో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఒక మిల్లీమీటరు పొడవుండే ఆ తెల్లని గుడ్లు సందులలో అతుక్కొని ఉంటాయి. వేడి వాతావరణంలో వారం, పది రోజులలో పొదుగుతాయి. పిల్లనల్లి ఐదుమార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి కుబుసానికి ముందు ఒకసారైనా రక్తం తాగవలెను. ఆహారం లేకున్నా నల్లి నెలల తరబడి బ్రతకగలదు. కనుక నెల రోజులు ఇల్లు తాళం పెట్టి ఊరికి పోయినంత మాత్రాన అవి నశిస్తాయనుకోవడం భ్రమ.

నల్లిపై పడిన నింద

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ తరువాత రక్తం తాగే ప్రతి కీటకంపైన శాస్త్రజ్ఞుల దృష్టి పడినది. మద్రాసులో పరిశోధన చేసిన డబ్ల్యు. ఎస్. పాటన్, కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరాన్ని నల్లి వ్యాపింపజేస్తుందని 1907 ప్రాంతంలో భావించాడు. ఈ వాదం చాల ఏండ్లు చర్చలో నిలిచినది. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు తమ ప్రయోగాల ద్వారా ఆ జ్వరానికి వాహకం ఇసుక ఈగ అని నిరూపించారు. నల్లి ఆ కేసులో నిర్దోషిగా విడుదలైనది.

నేటికీ నల్లికాటు వలన మనుష్యులకు సహజ పరిస్థితులలో ఏ అంటువ్యాధీ సోకినట్లు రుజువు కాలేదు. అంతమాత్రాన నల్లి మన మిత్రుడు కాదు. దురద, గోకుడు వలన పుండ్లు, నిద్రలేమి, మనోవ్యాకులత దాని కానుకలు. నల్లులు మరీ విపరీతంగా ఉన్నచోట రక్తహీనత కూడ కలుగవచ్చును. పరీక్షలకు చదివే విద్యార్థికి నెల రోజుల నిద్ర పోవడం చిన్న నష్టం కాదు.

డి.డి.టి. నేర్పిన పాఠం

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకాలను సంహరించే గుణం ఉన్నదని కనుగొన్నాడు. 1948లో నోబెల్ బహుమానం పొందాడు. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభమై, ఇంటింటి గోడలపై ఈ మందు చల్లారు. మందు దోమల కోసమే అయినా, నల్లులు కూడ చచ్చినందుకు ప్రజలు ఎక్కువ సంతోషించారు. కాని 1947లోనే హవాయి దీవులలో, పెర్ల్ హార్బరు నౌకాదళపు బారకాసులలో, డి.డి.టి.కి లొంగని నల్లులు కనిపించాయి. క్రమంగా ఇతర దేశాలలోనూ అదే జరిగినది. మందు చల్లితే నల్లులు చావకపోగా, రేగి బయటికి వచ్చేవి. దానితో అనేకచోట్ల ప్రజలు మలేరియా సిబ్బందిని గుమ్మంలోనికి రానివ్వలేదు. నల్లి చావలేదన్న అసంతృప్తి దోమకు మేలు చేసినది.

తరువాత వచ్చిన పైరెత్రాయిడ్ మందులకూ ఇదే గతి పట్టినది. చామంతిజాతి పువ్వులలోని సహజ విషాన్ని అనుకరించి తయారుచేసిన ఈ మందులు నేడు అంగళ్లలో దొరికే స్ప్రే డబ్బాలలో సర్వసాధారణం. ప్రపంచంలో పెక్కుచోట్ల నల్లులు వీటికి అలవాటుపడ్డాయి. 1990ల చివరి నుండి సంపన్న దేశాలలో సైతం నల్లులు తిరిగి విజృంభించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ప్రయాణాలు పెరగడం, వాడిన సామాను చేతులు మారడం మరికొన్ని కారణాలు.

మా అపార్టుమెంటులో జరిగినది

విడి ఇంటిలో నల్లి ఆ ఇంటివారి సమస్య. అపార్టుమెంటులో అట్లు కాదు. గోడల పగుళ్లు, కరెంటు తీగల గొట్టాలు, నీటి పైపుల చుట్టూ ఉండే రంధ్రాలు, తలుపు క్రింది సందులు నల్లులకు రహదారులు. ఒక ఇంటిలో ఘాటైన మందు చల్లితే మిగిలినవి ప్రక్క ఇంటికి వలసపోతాయి. నేను ఈ సంగతి పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

మూడేండ్ల క్రితం మేము అద్దెకున్న అపార్టుమెంటులో రెండు ఇళ్లలో నల్లులు కనిపించాయి. మేడపైన అందరూ సమావేశమయ్యారు. నాలుగు ఇళ్లలో పనిచేసే ఒక స్త్రీ బస్తీనుండి వస్తుంది గనుక ఆమె వలననే వచ్చాయని తేల్చారు. మరునాటి నుండి ఆమెను రావద్దన్నారు. నేనూ ఆ సమావేశంలో ఉన్నాను; ఏమీ అనలేదు.

ఆ వారంలోనే మా పాప చేతులపై దద్దుర్లు చూసి, అంతకు రెండు నెలల ముందు చవకగా దొరికినదని కొన్న పాత సోఫాను తిరగవేశాను. కుట్ల వెంబడి నల్లని చుక్కలు, కుబుసాలు, సజీవమైన నల్లులు! నల్లులు ఆ భవనంలోనికి ఎవరి వెంట వచ్చినవో అప్పుడు నాకు అర్థమైనది. అయినా చెప్పలేదు. అధ్యాపకుణ్ణి; పైగా అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అనుభవించినవాణ్ణి. రాత్రివేళ తలుపులు మూసి స్ప్రే డబ్బాలు ఖాళీ చేశాను. ఫలితంగా నల్లులు ప్రక్క వాటాలోనికి పోయాయి.

నలభై రోజుల తరువాత, సిగ్గు విడిచి, ప్రక్క వాటా పెద్దాయన వద్దకు వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన కాసేపు నావైపు చూసి, “మా ఇంట్లోనూ ఉన్నవి సార్. మీరేమనుకుంటారోనని మేమే దాచుకుంటున్నాం” అన్నారు. ఇద్దరమూ కలిసి మిగిలినవారిని అడుగగా మరి మూడు ఇళ్లవారు ఒప్పుకున్నారు. అందరమూ ఒకే రోజున పని ప్రారంభించిన తరువాతనే నల్లులు పోయాయి.

నా శ్రీమతితో కలిసి ఆ పనిచేసే ఆమె ఇంటికి వెళ్లాను. ఒకటే గది. ఒక నవారు మంచం. పదిహేను రోజులకొకసారి మంచాన్ని బయట వేసి సలసల కాగే నీళ్లు పోస్తానని ఆమె చెప్పినది. ఆ ఇంట నల్లి లేదు. క్షమించమని అడిగాను. ఆమె మాకు చాయ్ ఇచ్చినది. పనికి మాత్రం తిరిగి రాలేదు. పంచతంత్రంలోని పేను నాకు ఆనాడు జ్ఞాపకం వచ్చినది.

నివారణ విధానం

ఇక చేయవలసిన పనులను వరుసగా చెప్పుతాను.

మొదటిది, వెదకుట. టార్చిలైటు చేతబట్టి, పరుపు కుట్లు, మంచపు పట్టెలు, కోళ్లు అతికిన చోట్లు, మేకుల రంధ్రాలు, సోఫా అడుగు భాగం, గోడకు తగిలించిన పటాల వెనుక, పుస్తకాల అట్టల అంచులు పరీక్షించవలెను. సిరాచుక్కల వంటి నల్లని మరకలు, కుబుసాలు, గుడ్లు, ఒకవిధమైన ముక్క వాసన గుర్తులు.

రెండవది, వేడి. నల్లికి తిరుగులేని శత్రువు ఇదే. దీనికి అది అలవాటుపడిన దాఖలా లేదు. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే గుడ్లతో సహా కొద్ది నిమిషాలలో నశిస్తుంది. దుప్పట్లు, గలీబులు, బట్టలు 60 డిగ్రీల వేడినీటిలో ఉతకవలెను. కొయ్య, ఇనుప మంచాల అతుకులలో మరిగే నీరు పోయవలెను. మన పెద్దలు చేసిన పని శాస్త్రసమ్మతమే. కాని పరుపును ఎండలో వేస్తే చాలునన్న నమ్మకం సగమే నిజం. పైభాగం కాలుతుంటే నల్లులు అడుగు నీడకు చేరుతాయి. కడగలేని వస్తువులను సంచిలో మూటగట్టి, చల్లని పెట్టెలో సున్నాకు దిగువ 18 డిగ్రీల వద్ద నాలుగు రోజులుంచినా ఫలితముంటుంది.

మూడవది, దారులు మూయుట. గోడ పగుళ్లను, పైపుల చుట్టూ ఉన్న రంధ్రాలను సిమెంటుతోనో లప్పంతోనో పూడ్చవలెను. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండ చూచి, కోళ్ల క్రింద సబ్బునీటి గిన్నెలు పెట్టవలెను. మన ప్రాంతపు నల్లి నునుపైన అంచులను సైతం ఎక్కగలదు గనుక ఖాళీ గిన్నె చాలదు. ఆ నీటిని రెండు రోజులకొకసారి మార్చవలెను. లేనిచో నల్లికై పెట్టిన గిన్నె దోమకు ఊయల అవుతుంది.

నాల్గవది, పునఃపరీక్ష. తప్పించుకున్న గుడ్లు పొదుగుతాయి గనుక పది, పదునాలుగు రోజులకు ఇదే పని మరల చేయవలెను. ఆ తరువాత కనీసం రెండు నెలలు గమనిస్తూ ఉండవలెను.

మందు అవసరమైతే శిక్షణ, లైసెన్సు ఉన్నవారిచేత, అన్ని వాటాలవారికీ ముందుగా తెలిపి వేయించవలెను. ఇక్కడ ఒక హెచ్చరిక. ధాన్యంలో పురుగుకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను నల్లులకోసం ఇళ్లలో పెట్టడం ప్రాణాలతో చెలగాటం. తేమ తగలగానే దానినుండి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. అది గోడ సందులగుండా ప్రక్క ఇంటిలో నిద్రించేవారిని చేరగలదు. దానికి విరుగుడు లేదు. కిరోసిను, పెట్రోలు చల్లడం నిప్పును ఇంటికి పిలవడమే. పొలానికి తెచ్చిన మందును పడకపై చల్లరాదు.

ఉపసంహారం

ఈ సంచికను చదివే విద్యార్థులలో వసతిగృహాలలో, అద్దెగదులలో ఉండేవారు ఎందరో ఉన్నారు. మీ గదిలో నల్లి కనిపిస్తే మొదట చేయవలసినది మందు కొనడం కాదు. ప్రక్క గదివానికి చెప్పడం. నల్లి మురికికి గుర్తు కాదు, పేదరికానికి గుర్తు కాదు. దానికి కావలసినవి రెండే: ఒక సందు, ఒక నిద్రించే మనిషి. ఇవి రాజప్రాసాదంలోనూ ఉన్నవి, బస్తీలోనూ ఉన్నవి. పొరుగువారి హక్కును గూర్చి మన పెద్దలు చిన్ననాటి నుండి చెప్పుతూనే ఉన్నారు. మన ఇంటి దోషాన్ని దాచి, పొరుగువాని పడకలోనికి పంపడం ఆ హక్కును భంగపరచడమే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి వేసవి సెలవులలో, వసతిగృహం తిరిగి తెరువకముందే, మంచాల అతుకులను మరుగునీటితో కడిగించి, గోడల పగుళ్లు పూడ్పించగలరు. నల్లుల సంగతి తెలియజేసే విద్యార్థిని “ఎవరు తెచ్చారు?” అని అడుగవద్దని వార్డెనుగారికి సూచించగలరు. ఆ ఒక్క ప్రశ్న లేనినాడు విద్యార్థులు మొదటి నల్లి కనిపించిన రోజునే వచ్చి చెప్పుతారు. మొదటి రోజున పట్టుకున్న నల్లిని రూపించడానికి ఒక కెటిల్ వేడినీరు చాలును. నెలల తరువాత పట్టుకున్నదానికి భవనమంతా కదలవలెను.