రాకాసి గుళ్లలో మనుషులు: ఎముకలు చెప్పే పాఠం



పదో తరగతి దాకా హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. సంచికకు ఏదైనా రాసిమ్మన్నారు. కథలు, కవితలు మీరు నాకన్నా బాగా రాస్తారు. అందుకే నేనొక పాఠం రాస్తున్నాను. ఇది పరీక్షలో రాదు, కాబట్టి భయం లేకుండా చదవండి.

మా ఊరి చెరువు అవతల గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్లు ఉండేవి. మేకల వెంట అటు పోతే మా నాయనమ్మ "అటు పోకు బిడ్డా, అవి రాకాసి గుళ్లు" అని కేకలేసేది. కొన్ని ఊళ్లలో వీటినే పాండవుల గుళ్లు అంటారు. చదువుకున్నాక తెలిసింది, అక్కడ రాకాసులెవరూ లేరు. అవి సుమారు 3,000 నుంచి 2,000 ఏళ్ల కిందట, ఇనుము వాడుకలోకి వచ్చిన కాలంలో బతికిన మనుషుల సమాధులు. చరిత్ర పుస్తకంలో మీరు చదివే బృహత్ శిలాయుగం ఇదే. పాత కరీంనగర్ జిల్లాలోని కదంబాపూర్‌లో, గోదావరి ఒడ్డున పోచంపాడులో పురావస్తు శాఖవారు ఇలాంటి సమాధులను తవ్వి పరిశీలించారు.

సమాధిలో కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు దొరుకుతాయి. అదృష్టం బాగుంటే ఎముకలు కూడా దొరుకుతాయి. ఆ ఎముకలను చూసి ఏం తెలుసుకోవచ్చు?

మగవారా, ఆడవారా?

పెద్ద మనిషి ఒంట్లో 206 ఎముకలుంటాయి. ఆడ, మగ తేడాను అన్నిటికన్నా బాగా చెప్పేది నడుము కింద ఉండే కటి ఎముక. కాన్పుకు వీలుగా స్త్రీల కటి వెడల్పుగా ఉంటుంది. దాని ముందు భాగంలో రెండు ఎముకలు కలిసేచోట కింద ఏర్పడే కోణం స్త్రీలలో విశాలంగా, పురుషులలో ఇరుకుగా ఉంటుంది. ఆ తర్వాత పుర్రెను చూస్తారు. కనుబొమల దగ్గరి ఉబ్బు, చెవి వెనుక బొడిపె, దవడ సాధారణంగా పురుషులలో మొరటుగా ఉంటాయి.

అయితే చిన్నపిల్లల ఎముకల్లో ఈ తేడాలు ఇంకా ఏర్పడవు. పెద్దవాళ్లలోనూ కొందరి ఎముకలు మధ్యస్థంగా ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు ఐదు మెట్లు పెట్టుకున్నారు: స్త్రీ, బహుశా స్త్రీ, తేల్చలేం, బహుశా పురుషుడు, పురుషుడు. తెలియనప్పుడు తేల్చలేమని రాయడం కూడా శాస్త్రమే.

ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష వచ్చింది. కానీ మన వేడి దేశంలో పాత ఎముకలో డీఎన్ఏ నిలవడం కష్టం. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలను పరీక్షిస్తే ఒక్కటే పనికొచ్చింది. అది ఒక స్త్రీది. ఆ ఫలితం 2019లో ప్రచురితమైంది. అదే ఏడాది హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్న మరో పరిశోధన వెలువడింది. ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన 38 మంది ఎముకలను వారు పరీక్షించారు. దారితప్పి చనిపోయిన సైన్యం అవి అని ఒక కథ ఉండేది. తీరా చూస్తే వారిలో స్త్రీలు చాలామందే ఉన్నారు. పైగా అందరూ ఒకే కాలంలో చనిపోలేదు.

కత్తి దొరికితే మగవాడేనా?

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఎముక చెప్పేది పుట్టుకతో వచ్చే లింగం. ఆడవాళ్లు ఈ పని చేయాలి, మగవాళ్లు ఆ పని చేయాలి అని సమాజం పెట్టే కట్టుబాటు జెండర్. అది ఎముక ఆకారంలో కనబడదు. సమాధిలోని వస్తువులు, ఒంటి మీద మిగిలిన శ్రమ గుర్తులు చూసి ఊహించాలి. ఊహించేటప్పుడే మన అలవాట్లు అడ్డం వస్తాయి.

స్వీడన్ దేశంలోని బిర్కాలో 1878లో ఒక సమాధి తవ్వారు. కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు కనబడ్డాయి. ఇంకేముంది, గొప్ప యోధుడని రాసేశారు. నూరేళ్లకు పైగా అదే మాట నడిచింది. 2017లో డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ మనిషి స్త్రీ అని తేలింది. ఎముకలు మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. చూసినవాళ్లు కత్తిని చూశారు.

మన రాకాసి గుళ్ల విషయంలోనూ ఇంతే. కత్తి ఉంటే మగ, పూసలుంటే ఆడ అని ముందే అనుకోకూడదు. కొన్ని సమాధుల్లో ఇద్దరు ముగ్గురి ఎముకలు కలిపి పెట్టారు. ఏ వస్తువు ఎవరిదో అంత సులభంగా చెప్పలేం.

శ్రమ గుర్తుల సంగతి కూడా చెప్తాను. రోజూ గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్లకు చీలమండ ఎముకల మీద చిన్న నునుపు మచ్చలు ఏర్పడతాయి. మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆమె మెడ, వీపు ఎలా వంగాయో నేను చూశాను. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె చేసిన పని మాత్రం ఆమె ఒంట్లో రాసి ఉంది.

ఎముకల మీద రోగం గుర్తులు

కలరా, మశూచి వంటివి త్వరగా చంపేస్తాయి కాబట్టి ఎముక మీద సాధారణంగా గుర్తు మిగలదు. ఏళ్ల తరబడి ఉండే రోగాలు గుర్తు పెడతాయి.

టీబీ వెన్నుపూసలను తినేస్తుంది, గూని వస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు వెన్నును బిగదీస్తాయి. నల్లగొండ జిల్లా పడిన బాధ మనకు తెలుసు. తీవ్రమైన రక్తహీనత ఉంటే కంటి గుంతల పైభాగంలో, పుర్రె మీద సన్నని రంధ్రాలు పడవచ్చు. ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత కూడా ఎముకలను దెబ్బతీస్తుంది.

కుష్ఠు ముక్కు దగ్గరి ఎముకను, వేళ్ల ఎముకలను అరగదీస్తుంది. రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దొరికిన సుమారు 4,000 ఏళ్ల కిందటి మధ్య వయసు పురుషుడి అస్థిపంజరంలో కుష్ఠు గుర్తులు ఉన్నాయని 2009లో ప్రచురించారు. అంత పాత రోగం అది. ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. సూక్ష్మజీవి వల్ల వచ్చేది. ఈరోజు కుష్ఠుకు, టీబీకి రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

పంటి మీద గీత

నా ముందు పళ్ల మీద అడ్డంగా ఒక గీత ఉంది. హాస్టల్లో ఉన్నప్పుడు తోటివాళ్లు నవ్వుతారని నోరు మూసుకుని నవ్వేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత ఒక పళ్ల డాక్టరు గారు చెప్పారు. చిన్నప్పుడు తిండి చాలకపోయినా, పెద్ద జబ్బు చేసినా పంటి పైపొర పెరగడం కొన్నాళ్లు ఆగిపోతుంది. ఆ గీత ఇక చెరగదు. ఇంటికి పోయి అమ్మను అడిగితే, "నీకు మూడేండ్లప్పుడు తట్టు పోసింది బిడ్డా. ఆ ఏడు కరువు గూడా" అన్నది.

పాత సమాధుల్లోని పళ్ల మీద కూడా ఇలాంటి గీతలే కనబడతాయి. మొదట్లో వాటిని బలహీనుల గుర్తుగా చూసేవారు. కానీ 1992లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక మంచి ప్రశ్న వేశారు. జబ్బు చేసిన వెంటనే చనిపోయిన పిల్లవాడి పంటి మీద గీత పడటానికి సమయమే ఉండదు కదా! గీత పడి, దాని తర్వాత పన్ను మళ్లీ పెరిగిందంటే, ఆ పిల్లవాడు ఆ కష్టాన్ని దాటి బతికాడన్నమాట. ఈ మాట చదివిన రోజు నుంచి నేను నోరు తెరిచి నవ్వుతున్నాను.

మీ హాస్టల్లోనూ ఇలాంటి గీత ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లను ఎగతాళి చేయకండి.

మనం చేయవలసింది

రాకాసి గుళ్లు క్వారీలకు, పొలాల చదునుకు, జేసీబీలకు పోతున్నాయి. నిధులున్నాయని రాత్రిళ్లు తవ్వేవాళ్లు కూడా ఉన్నారు. మీ ఊళ్లో అలాంటివి ఉంటే తవ్వకండి, ఎముకలు ముట్టకండి. ఏ రాయి ఎక్కడుందో బొమ్మ గీసి మీ సారుకు చూపించండి. తహసీల్దారు గారికి, పురావస్తు శాఖవారికి ఒక అర్జీ రాయండి. ఎముక ఒక్కసారి చోటు మారితే అది చెప్పగలిగిన సంగతి సగం పోతుంది.

ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ రాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. ఆ కింద ఉన్నవాళ్లకూ జ్వరాలు వచ్చాయి, ఆకలి వేసింది. వాళ్ల బిడ్డల కోసం వాళ్లూ వీపు వంచి పనిచేశారు.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి