నడివయస్సున ముప్పేట వ్యాయామము

మన బడులలో విద్యార్థులకు ఆటలకొఱకు ఒక గంట ఏర్పాటై యున్నది. గంట మ్రోగగానే వారు మైదానమునకు పరుగెత్తుదురు. వారిని బడికి పంపు తలిదండ్రులకు మాత్రము అట్టి గంటను ఎవ్వరును ఏర్పరచలేదు. నలుబదియేండ్లు నిండువేళకు అంగడిలో గాని కచ్చేరిలో గాని కూర్చుండి చేయు పని యెక్కువగును, నాలుగడుగుల దూరమునకును మోటారుసైకిలు కావలసివచ్చును, నడుము పెరుగును, మెట్లెక్కిన ఆయాసము తోచును. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలనము ననుసరించి, మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు మించియున్నారు. కావున పెద్దల వ్యాయామము కేవలము వినోదమునకు సంబంధించినది కాదు. ఇంటి క్షేమమునకు సంబంధించినది.

ట్రయాథ్లాన్ అను వ్యాయామమును నడివయస్సున ఎట్లు ఆరంభింపవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారికి ఉపయోగపడునట్లు ఈ వ్యాసమున వివరింతుము.

ఇది యెట్టి వ్యాయామము?

ఈత, సైకిలు సవారి, పరుగు అను మూడింటిని ఎడతెగక ఒకదానివెంట నొకటిగా ముగించు పందెమునకు ట్రయాథ్లాన్ అని పేరు. మూడు పేటలు కలిపి పేనిన త్రాటివంటిది గావున దీనిని ముప్పేట వ్యాయామ మనవచ్చును. నేడు మన మెఱిగిన రూపమున ఇది 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియేగో నగరమున ఆరంభమయ్యెను. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులయందు మిక్కిలి దీర్ఘమైన పందెము మొదటిసారి జరుగగా, 15 మంది బయలుదేరి 12 మంది ముగించిరి. దానికే ఐరన్‌మ్యాన్ అని పేరు. 2000లో సిడ్నీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ట్రయాథ్లాన్ తొలిసారిగా చేర్చబడెను.

ఒలింపిక్ పందెమున 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు సవారి, 10 కిలోమీటర్ల పరుగు ఉండును. అందు సగము కొలతగల చిన్న పందెమును కలదు. ఐరన్‌మ్యాన్ పందెమున 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, 42.2 కిలోమీటర్లు పరుగెత్తవలెను. ఆ సైకిలు దూరము హైదరాబాదునుండి వరంగల్లు వరకు గల దూరముకన్న నెక్కువ. దానిని విని పాఠకులు బెదరవలదు. ఆరోగ్యము గోరువారికి కావలసినది ఆ దూరము కాదు, ఆ క్రమము.

నడివయస్సువారి కేల తగియున్నది?

పరుగెత్తునప్పుడు ప్రతి యడుగునందును శరీరభారమునకు రెండు మూడు రెట్ల బలము కాలిపై బడును. ఇరువది యేండ్ల వాని మోకాలు దీనిని సులభముగా నోర్చును. చాలకాలము కదలక కూర్చుండిన వాని మోకాలు దినదినము ఓర్చజాలదు. సైకిలుపై మన భారమును చాలవఱకు ఆసనము మోయును. ఈతలో నీరే మోయును. ఐనను గుండెకును ఊపిరితిత్తులకును మూడింటియందును పని దొరకును. కావడి మోయువాడు భుజము మార్చుకొనుచు దూరము పోవునట్లు, ఈ వ్యాయామము చేయువాడు శ్రమను ఒక యవయవమునుండి మఱియొక దానికి మార్చుకొనుచు పోవును. ముప్పేట వ్యాయామములోని మేలంతయు ఇందే యున్నది.

దేహమును కదలించుటకును గుండె క్షేమమునకును గల సంబంధము ఊహమాత్రము గాదు. జెరమీ మారిస్ అను ఆంగ్లేయ వైద్యుడును ఆయన తోడివారును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి 1953లో తమ ఫలితములను ప్రకటించిరి. దినమంతయు కూర్చుండి బండి నడపువారికన్న, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా నున్నట్లు కనబడెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారము, పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములు మధ్యమ శ్రమ చేయవలెను; లేనిచో 75 మొదలు 150 నిమిషములు తీవ్రశ్రమ చేయవలెను. వారమునకు రెండు దినములైన కండరములకు బలమిచ్చు పనియు చేయవలెను. మాటలాడగలిగియు పాట పాడలేనంత ఆయాసము కలిగిన అది మధ్యమ శ్రమ యని గుర్తు.

ముందు సిద్ధమగునది, వెనుక సిద్ధమగునది

నడివయస్సున వ్యాయామ మారంభించి మూడవ నెలలోనే మానివేయువారు పెక్కురు కలరు. దీనికి సోమరితనము ఎల్లప్పుడును కారణము కాదు. వ్యాయామము మొదలిడిన కొన్ని వారములలోనే రక్తము వృద్ధిపొందును, గుండె ఒక్కొక్క కొట్టుకొనుటలో ఎక్కువ రక్తమును పంపనేర్చును, ఆయాసము తగ్గును. కాని కండరమును ఎముకతో బంధించు స్నాయువులును, ఎముకలును గట్టిపడుటకు నెలలు పట్టును. ఊపిరి "ఇంక పరుగెత్తుము" అనుచున్నవేళ మడమ వెనుకటి స్నాయువు ఇంకను సిద్ధపడియుండదు. ఆ యుత్సాహమున దూరము ఒక్కసారిగా రెట్టించినవానికి మడమ నొప్పియో, మోకాటి నొప్పియో పట్టుకొనును; వ్యాయామ మంతటితో నాగిపోవును.

కాబట్టి నడివయస్సువారు పాటింపవలసిన ముఖ్యసూత్ర మిది: ఊపిరి పిలిచినంత వేగముగా పోరాదు, స్నాయువు రాగలిగినంత మెల్లగా పోవలెను. వారమునకు పదియవ వంతుకన్న దూరమును పెంపకుండుట మంచి కట్టడి. కొంచెము చేసి, ఇంకను చేయగల శక్తి మిగిలియుండగానే ఇంటికి వచ్చినవాడు మఱునాడును బయలుదేరగలడు.

వెనుక మొదలిడి ముందుకు పోయినవారు

మడోన్నా బ్యూడర్ అను క్రైస్తవ సన్యాసిని 1930లో అమెరికాలో జన్మించెను. ఆమె పరుగెత్త నారంభించునప్పటికి వయస్సు సుమారు 48 ఏండ్లు. 52వ యేట మొదటి ట్రయాథ్లాన్ ముగించెను. 2012లో, తన 82వ యేట, కెనడాలో ఐరన్‌మ్యాన్ పందెమును ముగించి లోకమునకు ఆశ్చర్యము గలిగించెను. మన దేశమున నటుడు మిలింద్ సోమన్ 2015లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరమున ఐరన్‌మ్యాన్ ముగించునప్పటికి 49 ఏండ్లవాడు.

మన తెలుగునాట గోలి శ్యామల యను నామె నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఈత సాధన కారంభించి, 2021 మార్చిలో శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వఱకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదెను. అటుపిమ్మట 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున సముద్రమున దిగి, దినమున కింతగా ఈదుచు, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ చేరెను. ఆ దూరము సుమారు 150 కిలోమీటర్లు. ఈ మువ్వురి దూరములు మనకు అనుకరణీయములు కాకపోవచ్చును. వయస్సు మళ్లినదని మొదలిడక మానరాదను సంగతి మాత్రము వీరివలన తెలియుచున్నది.

ప్రాణాపాయము ఎచ్చట?

మంచిని చెప్పినవారు చెడును దాచరాదు. అమెరికాలో 1985 మొదలు 2016 వఱకు జరిగిన ట్రయాథ్లాన్ పందెములను వైద్యులు పరిశీలింపగా, మరణములును, గుండె ఆగుటయు కలిసి 135 సంఘటనలు తేలినవి. అందు 90 ఈతలోనే జరిగినవి. అపాయము నొందినవారి సగటు వయస్సు దాదాపు 47 ఏండ్లు. నూటికి 85 మంది పురుషులు. పాల్గొన్నవారి మొత్తముతో పోల్చిన ఇది లక్షకు ఇద్దరికన్న తక్కువ. ఐనను శవపరీక్ష జరిగినవారిలో నూటికి 44 మందికి గుండెకు గాని రక్తనాళములకు గాని సంబంధించిన లోపము అంతకుముందే యుండెనని తేలినది. అనగా నడివయస్సు పురుషుడు వైద్యునికి చూపించుకొనక నీటిలో దిగుట క్షేమము కాదు.

రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగు అలవాటు కలవారును, చిన్నవయస్సున గుండెజబ్బుతో పోయినవారి కుటుంబమువారును మొదట వైద్యుని సలహా పొందితీరవలెను. ఇన్సులిను గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని వాడువారికి శ్రమవలన చక్కెర మితిమీరి తగ్గవచ్చును; వారు వైద్యుని నడిగి మందు సరిచేసికొని, జేబులో చక్కెరయో బెల్లమో ఉంచుకొనవలెను. రొమ్ము బిగబట్టుట, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుట, కన్నులు చీకట్లు క్రమ్ముట కనబడిన తత్‌క్షణమే ఆగి, 108కి కబురు చేయవలెను. "తేపు వచ్చిన తగ్గును" అని కూర్చుండుట ప్రాణమునకు ముప్పు.

మన ప్రాంతమున ఎట్లు?

ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనివై, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైన ఈ మూడు పట్టణముల చుట్టును చెఱువులకు కొదువ లేదు. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెఱువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించెను. భూపాలపల్లి దాపున గణపురము చెఱువు కలదు. మన పెద్దలు పలువురు మోటబావులలో ఎండిన సొరకాయబుర్రలు నడుమునకు గట్టుకొని ఈత నేర్చినవారే. ఐనను చెఱువున అడుగు కనబడదు. పూడిక, తీగలు, లోతైన గుంటలు ఉండును. కావున ఈత రానివారు చెఱువున నేర్వరాదు. శిక్షకుడున్న ఈతకొలనులోనే నేర్వవలెను. ఈత వచ్చినవారును ఒంటరిగా దిగరాదు; గట్టున కనిపెట్టుకొనువాడును, త్రాడును ఉండవలెను. కొలను దగ్గర లేనివారు ఈతను మాని, పరుగు, సైకిలు, మరల పరుగు అను క్రమము పాటింపవచ్చును. దీనికి డ్యుయాథ్లాన్ అని పేరు. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

సైకిలు క్రొత్తదై యుండనక్కఱలేదు. బ్రేకులు సరిగా నుండిన చాలును. జనగామవారు హైదరాబాదు–వరంగల్లు జాతీయ రహదారిని విడిచి పల్లెదారులు పట్టుట మేలు. భూపాలపల్లివారు బొగ్గుబండ్లు తిరుగు దారులను మానవలెను. శిరస్త్రాణము ధరింపక సైకిలెక్కరాదు. గనులలో రాత్రి షిఫ్టు చేసినవారు నిద్ర తీరకముందే వ్యాయామమునకు పోరాదు.

మొదటి నాలుగు వారములు: మూడు దినములు అరగంట నడక, రెండు దినములు అరగంట సైకిలు, వీలైన ఒక దినము ఈతపాఠము. తరువాతి నాలుగు వారములు: నడకలో నాలుగు నిమిషములు నడచి ఒక నిమిషము మెల్లగా పరుగెత్తుట. కడపటి నాలుగు వారములు: వారమున కొకసారి సైకిలు దిగినవెంటనే పది నిమిషములు నడచుట, సైకిలు దిగినవెంటనే కాళ్లు బరువెక్కినట్లు తోచును గావున ఈ యభ్యాస మవసరము. వారమున కొక దినము పూర్తిగా విశ్రాంతి. ఇట్లు ఆరునెలలు గడచిన పిమ్మట, వైద్యుడు సమ్మతించిన, కొలనులో 200 మీటర్ల ఈత, 10 కిలోమీటర్ల సైకిలు, 2 కిలోమీటర్ల పరుగు అను ఇంటిపందెమును పెట్టుకొనవచ్చును.

మన యెండలు తీవ్రములు గావున, కార్తీకమాసమున మొదలిడి, చైత్రము వచ్చువేళకు సూర్యోదయమునకు ముందే ముగించుట మంచిది. జొన్నరొట్టె, పప్పు, పెసలు, పల్లీలు, గ్రుడ్డు, ఆకుకూరలు ఈ వ్యాయామమునకు చాలిన ఆహారము. చెమట పట్టిన పిమ్మట ఉప్పు వేసిన మజ్జిగ మేలు. రక్తపుపోటు గలవారు మాత్రము ఉప్పును గూర్చి వైద్యుని నడుగవలెను. సీసాలలో నమ్ము తీపిపానీయములను కొననక్కఱలేదు.

విద్యార్థులు ఇంట చేయవలసిన పని

ప్రతి ఆదివారమును ప్రొద్దున, తండ్రిగారో తల్లిగారో పడకనుండి లేవకముందే మణికట్టున నాడి పట్టి, ఒక నిమిషమున ఎన్నిమారులు కొట్టుకొనునో లెక్కించి, ఒక నోటుపుస్తకమున తేదీతో వ్రాయుడు. విశ్రాంతివేళ పెద్దవారికి సామాన్యముగా 60 మొదలు 100 వఱకు ఉండును. వ్యాయామము క్రమముగా సాగిన, కొన్ని నెలలలో ఆ యంకె మెల్లగా తగ్గుటను మీరే చూడగలరు. అది తగ్గుట గుండె తక్కువ ప్రయాసముతో తన పనిని నెరవేర్చుచున్నదనుటకు గుర్తు. మితిమీరి పెరిగినను, తగ్గినను, లయ తప్పినట్లు తోచినను వైద్యునికి ఆ పుస్తకమును చూపుడు. పెద్దలను నడకకు పిలుచుటకు మీకన్న తగినవారు లేరు. సాయంకాలమున చేయిపట్టుకొని "నాయనా, రండి" అని మీరు పిలిచినచో, వారికి లేని ఆటలగంటను మీరే మ్రోగించినవారగుదురు.