ల్యాప్‌టాప్ మందగించినచో చేయవలసిన పనులు

1984లో పాత గ్రామాధికారుల పద్ధతి రద్దగువరకు గ్రామపు లెక్కలు కరణముగారి దఫ్తరములలో నుండెడివి. 2011లో మీసేవ కేంద్రములు వచ్చినవి. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. ఆదాయ ధ్రువపత్రము మొదలు విద్యార్థి వేతనము వరకు పెక్కు పనులు నేడు కంప్యూటరు మీదనే సాగుచున్నవి. అందుచేత గ్రామములో నొక ల్యాప్‌టాప్ మందగించినచో ఆ నష్టము దాని యజమానితో ఆగదు. వాకిట వేచియున్నవారి కూలి కూడ దానితోపాటు పోవును.

ఇటీవల నేనొక గ్రామములో అట్టి దృశ్యమును చూచితిని. అది విద్యార్థి వేతనముల దరఖాస్తులకు చివరి దినము. ఒక యువకుడు నడుపు చిన్న సేవా కేంద్రము ముందు పది పండ్రెండుగురు నిలుచుండిరి. వారిలో నొక తల్లి మిరప కోతకు పోక, కుమార్తె కాగితములు చేతపట్టుకొని ఉదయము నుండి వేచియున్నది. ల్యాప్‌టాప్ తెరమీద చిన్న చక్రము తిరుగుచునే యున్నది. "దీని పని అయిపోయిందండీ. వడ్డీకి తెచ్చయినా కొత్తది కొనాల్సిందే" అని యువకుడు నిట్టూర్చెను. "జబ్బు ఎక్కడుందో చూశావా, బాబూ?" అని యడిగితిని. చూడలేదనెను.

కాలువ చివరి పొలమునకు నీరందనప్పుడు రైతు వెంటనే కొత్త చెరువు త్రవ్వింపబూనడు. పూడిక యెక్కడ నున్నదో ముందుగా చూచును. ల్యాప్‌టాప్ విషయములోను అదియే సరియైన మార్గము. ఈ వ్యాసములోని సూచనలు విండోస్ 10, విండోస్ 11 గల యంత్రములకు సంబంధించినవి.

యంత్రము పనిచేయు తీరు

కుప్పనూర్పును తలచుకొనుడు. పనివాడు కుప్ప నుండి మోపులను తెచ్చి, కళ్లములో పరచి నూర్చును. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరు పనివాని వంటిది. ర్యామ్ కళ్లము వంటిది. ప్రస్తుతము జరుగుచున్న పని యంతయు అందులో పరచబడి యుండును. హార్డ్ డిస్కు గాని, ఎస్.ఎస్.డి. గాని కుప్ప వంటిది; సమస్తమును నిలువయుండు స్థలమదియే.

కళ్లము ఇరుకైనచో పనివాడు కొన్ని మోపులను తిరిగి కుప్పకు చేర్చి, వేరొక మోపును తెచ్చుకొనవలసి వచ్చును. అప్పుడు నూర్పిడి కన్న మోతకే కాలము చెల్లును. ర్యామ్ చాలనప్పుడు యంత్రములో జరుగునది సరిగా ఇదియే. పనివాడెంత బలశాలియైనను ప్రయోజనముండదు.

మొదట పరీక్ష, పిమ్మట చికిత్స

మందము యంత్రముదా, ఇంటర్నెట్టుదా అని ముందుగా తేల్చుకొనవలెను. యంత్రములో దాచుకొన్న ఒక పత్రమును తెరచి చూడుడు. అది వెంటనే తెరచుకొని, వెబ్‌సైటు మాత్రమే ఆలస్యమగుచున్నచో దోషము ఇంటర్నెట్టు కనెక్షనులోనో, ఆ వెబ్‌సైటు వైపుననో యుండును. అప్పుడు ల్యాప్‌టాప్‌పై సొమ్ము వెచ్చించుట వృథా.

పత్రము కూడ ఆలస్యముగా తెరచుకొన్నచో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కుడు. టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు సి.పి.యు., మెమరీ, డిస్క్ అను వరుసలు కన్పించును. యంత్రమును తెరచిన మొదటి నిమిషములలో ఈ అంకెలు హెచ్చుగా నుండుట సహజము. పది నిమిషములు ఆగి, ప్రతిదినము వాడు ప్రోగ్రాములను తెరచి, అప్పుడు చూడవలెను. మెమరీ ఎల్లప్పుడు 90 శాతమునకు పైన నున్నచో కళ్లము చాలలేదని గ్రహింపవలెను. డిస్క్ 100 శాతము వద్ద నిలిచియున్నచో కుప్ప వద్దనే రద్దీ యున్నది. సి.పి.యు. హెచ్చుగా నున్నచో ఆ శీర్షికపై నొక్కిన యెడల, దానిని ఆక్రమించిన ప్రోగ్రాము పేరు పైకి వచ్చును.

ఆ యువకుని యంత్రములో ర్యామ్ 4 జి.బి.; మెమరీ 93 శాతము, డిస్క్ 100 శాతము. రోగము రెండు చోట్ల బయటపడినది.

ముందుగా నకళ్లు

ఏ మార్పునకైనను పూర్వము ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు తీసి, పెన్‌డ్రైవులో గాని, వేరొక డిస్కులో గాని దాచవలెను. హార్డ్ డిస్కు చెడిపోబోవు ముందు కూడ యంత్రము మందగించును. డిస్కు నుండి టకటకమను శబ్దము వచ్చుచున్నను, ఫైళ్లు తెరచుకొనక మొరాయించుచున్నను ఆ పనిని మరునాటికి వాయిదా వేయరాదు.

ఖర్చు లేని చికిత్సలు

మొదటిది, రీస్టార్ట్. ప్రతిరాత్రి షట్‌డౌన్ చేయుచున్నామని పలువురు తలంతురు. కాని 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పద్ధతి వలన, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన అంతర్భాగపు స్థితిని డిస్కులో దాచుకొని మరునాడు దానినే తిరిగి తెరచును. రీస్టార్ట్ చేసినప్పుడే సర్వము క్రొత్తగా ఆరంభమగును. కావున వారమునకొకసారియైనను రీస్టార్ట్ చేయుట మంచిది.

రెండవది, స్టార్టప్ జాబితా. యంత్రము తెరచిన తోడనే మనము పిలువకయే కొన్ని ప్రోగ్రాములు లేచి కూర్చుండును. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగములో వానిని చూడవచ్చును. అక్కరలేని దానిపై కుడి మీట నొక్కి డిసేబుల్ చేయవలెను. దీనివలన ఆ ప్రోగ్రాము తొలగిపోదు. మనము పిలిచినప్పుడే వచ్చును. వైరసుల నుండి కాపాడు ప్రోగ్రామును, పేరు తెలియని వానిని ముట్టరాదు.

మూడవది, బ్రౌజరు. తెరచియుంచిన ప్రతి ట్యాబు కళ్లములో కొంత చోటు ఆక్రమించును. పని ముగిసిన ట్యాబును మూయుట అలవరచుకొనవలెను. బ్రౌజరుకు తగిలించిన అనవసరపు ఎక్స్‌టెన్షనులను తీసివేయవలెను.

నాల్గవది, నిలువ స్థలము. సి డ్రైవ్ నిండిపోయినచో విండోస్‌కు మసలుటకు చోటుండదు. అయిదవ వంతైనను ఖాళీగా నుంచుట మంచిది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందు స్టోరేజ్, అందు టెంపరరీ ఫైల్స్ అను చోట పనికిరాని ఫైళ్లను తొలగింపవచ్చును. ఇచ్చట నొక హెచ్చరిక: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అను పేరు కూడ నుండును. దిగుమతి చేసిన ధ్రువపత్రములు, రశీదులు సాధారణముగా అందులోనే యుండును. దానికి టిక్కు పెట్టినచో అవియును పోవును.

అయిదవది, వేడి. ప్రాసెసరు మిక్కిలి వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. ల్యాప్‌టాప్‌ను పరుపుమీద, దుప్పటిమీద నుంచినచో గాలి రంధ్రములు మూసుకొనును. గట్టి బల్లపై నుంచవలెను. యంత్రమును ఆపి, చార్జరు తీసి, మెత్తని కుంచెతో రంధ్రముల వద్ద ధూళిని తుడువవలెను. లోపలి ఫ్యానును శుభ్రపరచు పనిని తెలిసినవారికి విడుచుట క్షేమము. సరిపడని చార్జరు వాడినను కొన్ని యంత్రములు వేగము తగ్గించుకొనును.

ఖర్చుతో కూడిన చికిత్సలు

పై పనులన్నియు చేసినను డిస్క్ 100 శాతము వద్దనే యున్నచో, అది పాత తరహా హార్డ్ డిస్కేమో చూడవలెను. టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ విభాగము ఆ సంగతి తెలుపును. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులలో పళ్లెములు సాధారణముగా నిమిషమునకు 5,400 మారులు, అనగా సెకనుకు 90 మారులు తిరుగును. కావలసిన ఫైలు ముక్కలు పలుచోట్ల నున్నచో, ముల్లు ప్రతిసారి అచ్చటికి జరిగి, పళ్లెము తిరిగివచ్చువరకు వేచియుండవలెను. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములే లేవు. అందుచేత పాత యంత్రమునకు దీనిని అమర్చినప్పుడు కలుగు మార్పు కంటికి స్పష్టముగా కన్పించును. పాత డిస్కులోని సమస్తమును క్రొత్తదానికి నకలు చేయించుకొనవచ్చును.

మెమరీ చాలనప్పుడు ర్యామ్‌ను 8 జి.బి.కి పెంచవలెను. ఖాళీ స్లాటు కలదో లేదో పెర్ఫార్మెన్స్ విభాగములోనే తెలియును. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించబడి యుండును. వానిలో పెంచుటకు వీలులేదు. కొనుటకు ముందు ఈ సంగతిని, నేటి ధరను విచారింపవలెను.

మోసములకు లోబడరాదు

ఒక్క మీటతో వేగము పదింతలగునని చెప్పు ప్రోగ్రాములు పెక్కు కలవు. వానిలో కొన్ని యంత్రమును మరింత మందగింపజేయును; కొన్ని వైరసులను తెచ్చును. విండోస్‌తోపాటు వచ్చు సెక్యూరిటీ ప్రోగ్రాముతోనే పూర్తి పరీక్ష చేయవచ్చును. మీ కంప్యూటరులో వైరసు కలదని ఎవరైనను ఫోను చేసి, యంత్రమును తమ అధీనమునకు ఇమ్మనినచో ఇయ్యరాదు. అట్టి మోసములో సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను.

క్రొత్తది ఎప్పుడు కొనవలెను?

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. ప్రజల ఆధారు, బ్యాంకు వివరములను చూచు యంత్రమునకు భద్రత వేగము కన్న ముఖ్యము. విండోస్ 11కు కనీసము 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలువ స్థలము, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, కంపెనీ ఆమోదించిన ప్రాసెసరు ఉండవలెను. ఇవి లేని పాత యంత్రముపై పెద్ద మొత్తము వెచ్చించుటకు ముందు ఆలోచింపవలెను. ఉన్నచో మరమ్మతు చేయించుకొనుటయే లాభము.

ఆనాడు మేము నకళ్లు తీసి, స్టార్టప్ జాబితాను తగ్గించి, ముప్పదికి పైగా నున్న ట్యాబులను మూసి, యంత్రమును రీస్టార్ట్ చేసితిమి. అది పరుగెత్తలేదు గాని నడిచినది. చీకటి పడులోపల వాకిట నున్నవారి దరఖాస్తులన్నియు పోయినవి. ఆ తల్లి రశీదును కొంగున ముడివేసికొని వెడలినది. తరువాత యువకుడు అప్పు చేయలేదు, ఎస్.ఎస్.డి. వేయించి, ర్యామ్ పెంచుకొని అదే యంత్రముతో పని సాగించుచున్నాడు.

కావున యంత్రము మందగించినప్పుడు చేయి జేబులోనికి పోకముందే ఆ మూడు మీటల మీదికి పోవలెను. పూడిక యెక్కడ నున్నదో తెలిసిన పిమ్మటనే పార పట్టవలెను.