5.2ని 6.6 చేసిన కథ

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ప్లాంక్ స్థిరాంకం కనుక్కునే ప్రయోగం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నల్ల డబ్బాలో ఫోటోసెల్, దాని ముందు బల్బు, మధ్యలో రంగు ఫిల్టర్లు. ఒక్కో ఫిల్టర్ పెట్టి, కరెంటు సున్నా అయ్యేదాకా నాబ్ తిప్పి, ఆ వోల్టేజీ రాసుకోవాలి. గ్రాఫ్ గీసి వాలు కొలిస్తే స్థిరాంకం వస్తుంది. పుస్తకంలో ఉన్న విలువ 6.63 × 10⁻³⁴ జౌల్ సెకను. మా బ్యాచ్‌కి వచ్చింది 5.2.

అప్పుడు నేను చేసింది అందరూ చేసేదే. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, రీడింగులు అటూ ఇటూ జరిపి 6.6 తెప్పించాను. వైవాలో సార్ రికార్డు చూసి ఒక్కటే ప్రశ్న అడిగారు.

"బల్బు దగ్గరికి జరిపినప్పుడు స్టాపింగ్ వోల్టేజీ ఎంత పెరిగింది?"

"దాదాపు డబుల్ అయింది సార్."

ఆయన తిట్టలేదు. సంతకం పెట్టకుండా రికార్డు వెనక్కిచ్చి, "మళ్లీ చేసి తీసుకురా" అన్నారు, అంతే.

ఆ వోల్టేజీ అసలు పెరగదు! ఈ పాఠంలో కీలకం అదే. ఇంటర్‌లో దీని మీద బిట్లు ఎన్ని చేశానో లెక్కలేదు. అయినా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

కాంతి తరంగమే అనుకుంటే నా జవాబు సబబుగానే ఉంటుంది. వెలుగు ఎక్కువైతే ఎలక్ట్రాన్‌కి అందే శక్తీ ఎక్కువ కావాలి కదా. కానీ లోహం దగ్గర అలా జరగదు. మామిడిచెట్టు కింద నిలబడి గుప్పిళ్లకొద్దీ ఇసుక విసరండి, ఒక్క కాయా రాలదు. ఒక్క రాయి సరిగ్గా తగిలితే కాయ కింద ఉంటుంది. సోడియం లోహంలోంచి ఎలక్ట్రాన్ బయటికి రావాలంటే సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. దీన్నే పని ప్రమేయం అంటాం. 650 నానోమీటర్ల ఎరుపు కాంతిలో ఒక్కో ఫోటాన్ దగ్గర ఉండేది 1.9 మాత్రమే. అలాంటి బల్బులు వంద వెలిగించినా అది ఇసుకే. 400 నానోమీటర్ల ఊదా కాంతిలో ఫోటాన్‌కి 3.1 ఉంటుంది. ఎంత మసక వెలుగైనా సరే, ఎలక్ట్రాన్ వెంటనే బయటపడుతుంది. మిగిలిన 0.8 దాని గరిష్ఠ గతిశక్తి. దాన్ని ఆపడానికి కావలసిందే స్టాపింగ్ వోల్టేజీ. బల్బు దగ్గరికి జరిపితే పడే రాళ్ల సంఖ్య పెరుగుతుంది, రాలే కాయలు పెరుగుతాయి, అంటే కరెంటు పెరుగుతుంది. ఒక్కో రాయి బలం మాత్రం మారదు. అది కాంతి పౌనఃపున్యం చేతిలో ఉంది.

1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. దాని ముందూ వెనకా జరిగిన కథ చదువుతుంటే నాకు నా రికార్డే గుర్తొచ్చింది.

1887లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని నిరూపించే పనిలో ఉన్నాడు. స్పార్క్ బాగా కనబడాలని గ్రాహకాన్ని పెట్టెలో పెడితే స్పార్క్ పొట్టిదైపోయింది. తనకి కావలసిన ఫలితానికి దాంతో పని లేదు. అయినా వదలకుండా వెతికితే అతినీలలోహిత కాంతి దగ్గర తేలింది. కాంతి తరంగమని బలపరిచిన ప్రయోగంలోనే, ఆ సిద్ధాంతం వివరించలేని సంగతి కూడా దొరికింది.

మిలికన్‌కి ఐన్‌స్టీన్ ఫోటాన్ భావన నచ్చలేదు. ఆ సమీకరణాన్ని పరీక్షించడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డాడు. లోహం మీద పొర పట్టకుండా శూన్యంలోనే దాని ఉపరితలాన్ని కత్తితో చెక్కే ఏర్పాటు చేసుకున్నాడు. 1916లో ఫలితం ప్రకటించాడు. గ్రాఫ్ సరళరేఖే, స్థిరాంకం 6.57. తనకి నచ్చని సమీకరణమే సరైనదని తన చేత్తోనే రాశాడు.

మూడోది ద్రవ్యం వైపు కథ. 1924లో డి బ్రోలీ, కాంతికి కణ స్వభావం ఉంటే కణానికి తరంగ స్వభావం ఎందుకు ఉండకూడదన్నాడు. 1925లో డేవిసన్, జెర్మర్‌ల ల్యాబ్‌లో ద్రవ గాలి సీసా పేలి, వాళ్ల నికెల్ ముక్కకి ఆక్సైడు పట్టింది. అది పోవడానికి బాగా వేడి చేస్తే లోపలి స్ఫటికాలు పెద్దవయ్యాయి. ఆ తర్వాత రీడింగులు పాతవాటితో కలవలేదు. వాళ్లు పాతవాటికి సరిపెట్టుకోలేదు, తేడా ఎందుకొచ్చిందో చూశారు. 1927 నాటికి తేలింది: 54 వోల్టుల ఎలక్ట్రాన్లు 50 డిగ్రీల దగ్గర ఎక్కువగా చెదురుతున్నాయి. దాన్నుంచి లెక్కగట్టిన తరంగదైర్ఘ్యం 0.165 నానోమీటర్లు, డి బ్రోలీ సూత్రం ఇచ్చేది 0.167. ఎలక్ట్రాన్ తరంగంలా ప్రవర్తించింది.

ద్వంద్వ స్వభావం అని మనం రెండు మార్కులకి బట్టీ పట్టే మాట వెనక ఇంత ఉంది. ఎవరో ఒకరు అనుకోని రీడింగుని కొట్టేయకుండా ఉంచుకున్నారు. నేనైతే ఆ మూడు చోట్లా పుస్తకం చూసి సరిచేసేవాణ్ని.

మరుసటి వారం మళ్లీ చేశాను. కిటికీ కర్టెన్ వేసి, మీటర్ సున్నా సరిచూసుకున్నాను. ఈసారి బల్బు జరిపి చూశాను. కరెంటు చకచకా పెరిగింది, స్టాపింగ్ వోల్టేజీ దాదాపు ఉన్నచోటే ఉంది. ఎన్నోసార్లు చదివిన వాక్యాన్ని కళ్లతో చూడటం అదే మొదటిసారి. స్థిరాంకం 5.8 వచ్చింది. అదే రాసి, కింద కారణాలు రాశాను: ఫిల్టర్ ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వదలదు, కొంత పట్టీని వదులుతుంది, డబ్బాలోకి బయటి వెలుగు ఇంకా వస్తూ ఉండొచ్చు, సున్నా కరెంటు ఎక్కడో కచ్చితంగా పట్టుకోవడం కష్టం.

సార్ ఆ కారణాలు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

జూనియర్స్, వచ్చే సెమిస్టర్‌లో ఈ ప్రయోగం మీకూ వస్తుంది. నా రికార్డు అడిగితే ఇస్తాను. కాకపోతే అందులో 5.8 ఉంటుంది, మీకు పనికిరాదు.