గోడ వెనక ఎంత? ఒక స్నానాలగది బడ్జెటు కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అమెరికాలో కట్టేసి ఉన్న ఇంట్లో ఒక్క గది మార్చి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం నాకు వచ్చేది కాదు.

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటులో. ఇల్లు 1964లో కట్టింది. హాల్లోంచి వెళ్ళే స్నానాలగది ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. మీలో చాలామంది ఇళ్ళలోనూ అదే కొలత ఉంటుంది, టేపు పెట్టి చూసుకోండి. అందులో ఒక పాత బాత్‌టబ్. 2023లో మా నాన్నగారికి మోకాలి ఆపరేషను అయింది. సెప్టెంబరులో అమ్మా ఆయనా వచ్చి ఆరు నెలలు ఉండాలని అనుకున్నారు. అడుగు పైన ఎత్తున్న ఆ టబ్బు గట్టుని ఆయన రోజూ కాలెత్తి దాటడం జరిగే పని కాదు. కాబట్టి టబ్బు తీసేసి, నేలకి దగ్గరగా గట్టు ఉండే షవరు పెట్టించాలి. గడువు సెప్టెంబరు. విమానం టిక్కెట్లు కొనేశాం.

నేను ఆఫీసులో చేసేది ప్రాజెక్టుల ఎస్టిమేట్లు వేసే పనే. అందుకని ధీమాగా ఒక శనివారం ఎక్సెల్ తెరిచి, హోమ్ డిపోలో ధరలు చూసుకుంటూ రెండు గంటల్లో లెక్క తేల్చేశాను: 14,800 డాలర్లు. చివరికి అయింది 35,000. సగం కూడా ఊహించలేకపోయాను.

నాకు కొంత ఓదార్పునిచ్చింది డేనియల్ కానమన్. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త తన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' పుస్తకంలో 2002 నాటి సర్వే ఒకటి ప్రస్తావిస్తాడు. వంటిల్లు మార్పించుకున్న అమెరికన్లు సగటున 18,658 డాలర్లవుతుందనుకుంటే 38,769 అయిందట. ఆయనా ఏమస్ ట్వెర్‌స్కీ కలిసి 1979లోనే ఈ జబ్బుకి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. మనం ఎస్టిమేటు వేసేటప్పుడు అంతా సవ్యంగా జరిగే ఒక్క దారినే ఊహించుకుంటాం, మనలాంటి పనులు ఇతరులకి ఎలా జరిగాయో చూడం. సాఫ్ట్‌వేరులో ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ సొంత ఇంటికొచ్చేసరికి నేనూ మామూలు మనిషినే అయిపోయాను.

ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచాను. 19,500, 26,400, 34,000 చెప్పారు. ఒకే గదికి ఇంత తేడానా అని మొదట కోపం వచ్చింది. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమైంది, ఆ ముగ్గురూ చెప్పింది ఒకే పనికి కాదు. తక్కువ చెప్పినాయన కాగితంలో పర్మిట్టు లేదు, పాత సామాను పారేసే ఖర్చు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మురుగు గొట్టం మార్పు లేదు. టబ్బుకి ఒకటిన్నర అంగుళాల డ్రెయిను సరిపోతుంది, షవరుకి మాత్రం కోడు ప్రకారం రెండంగుళాలది కావాలి. టబ్బు తీసి షవరు పెట్టేవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. మా ఇంటి కింద ఖాళీ జాగా ఉంది కాబట్టి మనిషి పాక్కుంటూ వెళ్ళి గొట్టం మార్చగలడు. మీ ఇల్లు కాంక్రీటు పలక మీద కట్టిందైతే ఆ పలకే పగలగొట్టాలి, ఖర్చు వేరే స్థాయికి పోతుంది.

అప్పుడు నేను ఆఫీసులో మొదటిరోజే చేసే పని ఇంట్లో మూడోవారంలో చేశాను. ఏమేం కావాలో ఒక పేజీ రాసి, అదే పేజీని ముగ్గురికీ పంపాను. 19,500 కాస్తా 25,200 అయింది. పైగా ఆయన టైల్స్ కొనాలంటూ 40 శాతం ముందే ఇమ్మన్నాడు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇంటి మరమ్మతు పనికి అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. ఆ తర్వాతి చెల్లింపులు కూడా అప్పటికి జరిగిన పనిని, దిగిన సామానుని దాటకూడదు. ఈ ముక్క చెప్పగానే ఆయన ఫోన్లు ఆగిపోయాయి. మేం మధ్యవాడితో, 26,400కి, ఒప్పందం రాసుకున్నాం. లైసెన్సు నంబరు రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు సైటులో చూశాం, పనివాళ్ళకి ఇన్సూరెన్సు ఉన్నట్టు కాగితం తెప్పించుకున్నాం. ఇది పది నిమిషాల పని, తప్పకుండా చెయ్యండి.

ఒప్పందంలో ఒక మాటకి నేను అర్థం సరిగ్గా పట్టించుకోలేదు: అలవెన్సు. టైల్స్‌కి 900, సింకు కింద బల్లకి 800, షవరు కుళాయిలకి 600, వెరసి 2,300 డాలర్లు అని ఉంది. ఇది ధర కాదు, కాంట్రాక్టరు అనుకున్న అంకె. మనం దానికి మించి ఏరుకుంటే తేడా మనదే. టైల్స్ లెక్క చూడండి. షవరు మూడు గోడలు కలిపి పదడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు, అంటే 70 చదరపు అడుగులు. నేల 40. మొత్తం 110, విరిగేవాటికి 10 శాతం కలిపితే 121. అడుగు ఏడు డాలర్ల టైలుకి ఆయన అంకె సరిపోతుంది. మేం షాపుకెళ్ళి, ఒక శనివారం సాయంత్రం, పదమూడు డాలర్లది చూసి ముచ్చటపడ్డాం. అంచులకి వేసే ముక్కలతో కలిపి 1,740 అయింది. మిగతా రెండూ అలాగే పెరిగి, 2,300 కాస్తా 4,200కి చేరింది.

టబ్బు పీకిన రోజు మధ్యాహ్నం కాంట్రాక్టరు ఫోను చేశాడు. "ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. ఆఫీసులో రాత్రి రెండింటికి వచ్చే ఫోనులాంటిదే ఇదీ. టబ్బు కింద చెక్కనేల నానిపోయి, స్క్రూడ్రైవరుతో గుచ్చితే వెన్నలా దిగిపోయింది. గోడలోపల నీళ్ళ గొట్టాలు జింకు పూత ఇనుపవి. లోపల తుప్పు పేరుకుని, చిటికెనవేలు కూడా పట్టనంత సన్నబడ్డాయి. నేల బాగుచెయ్యడానికి 1,150, ఆ గోడలో రాగి గొట్టాలు వెయ్యడానికి 1,400. ఏళ్ళుగా ఆ నేల మీదే పిల్లలకి స్నానాలు చేయించాం. ఆ రోజు డబ్బు గురించి నాకు బాధ కలగలేదు.

పర్మిట్టు వల్ల వచ్చింది మరో 600. కాలిఫోర్నియాలో 1994కి ముందు కట్టిన ఇంటికి పర్మిట్టు పెట్టి మార్పులు చేస్తే, పని పూర్తయినట్టు సంతకం పడాలంటే ఇంట్లో నీళ్ళు ఎక్కువ తాగే పాత టాయిలెట్లు, షవర్లు, కుళాయిలు అన్నీ మార్చాలి. ఆ ఒక్క గదిలోవే కాదు, ఇల్లంతా. 2014 నుంచి ఇదే చట్టం. మా రెండో స్నానాలగదిలో పాత టాయిలెట్టు ఉంది, దానికి 420 అయింది. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకి 180. ఒక మాడ్యూలు ముట్టుకుంటే ఎక్కడో సంబంధం లేని టెస్టు ఫెయిలవడం మనకి అలవాటే కదా! ఇది ముందే తెలుసుకోదగ్గ ఖర్చు, నేను చదవలేదు, అంతే.

గోడలు తెరిచి ఉన్న నాలుగైదు రోజులే ఈ మొత్తం పనిలో విలువైనవి. అప్పుడు పది డాలర్ల చెక్కముక్కతో అయ్యే పనికి, టైల్స్ వేసేశాక గోడే పగలగొట్టాలి. పట్టుకునే కడ్డీలు ఎక్కడ వస్తాయో ముందే అనుకుని, ఆ ఎత్తున, నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల మధ్య, నిలువు కొయ్యల నడుమ అడ్డచెక్కలు వేయించాలి. టైలుకి మాత్రమే బిగించిన కడ్డీ మనిషి బరువు ఆపదు. ఇది ఒప్పందంలోనే రాయించాం. ఇంకో రెండు విషయాలు మా ఆవిడ పట్టుబట్టి చేయించింది. ఒకటి, షవరు గోడకి మోకాలి ఎత్తులో బకెట్టు నిండేలా ఒక కుళాయి. రెండోది, టాయిలెట్టు పక్కన కరెంటు ప్లగ్గు, తర్వాతెప్పుడైనా నీళ్ళు చిమ్మే సీటు పెట్టుకోవడానికి. "మీ నాన్నగారు షవరు కింద నిలబడి స్నానం చేస్తారనే అనుకుంటున్నారా?" అంది. నిజమే, నేను రాసిన పేజీలో వాడుకునే మనిషే లేడు.

పని మొదలైన రెండోవారంలో టైల్స్ సరఫరా చేసే కంపెనీ నుంచి రిజిస్టరు పోస్టులో ఒక నోటీసు వచ్చింది. అందులో లీను అన్న మాట చూసి గుండె ఆగినంత పనైంది. భయపడక్కర్లేదు, అది తాకట్టు కాదు. సామాను ఇచ్చేవాళ్ళు తమ హక్కు కాపాడుకోవడానికి పంపే ముందస్తు కాగితం. కానీ దాని వెనకున్న సంగతి మాత్రం నిజం. మీరు కాంట్రాక్టరుకి పూర్తిగా డబ్బిచ్చేసినా, ఆయన టైల్స్ కంపెనీకి ఇవ్వకపోతే ఆ కంపెనీ మీ ఇంటి మీద దావా నమోదు చేయవచ్చు. అందుకే ప్రతి చెక్కుతో పాటు కాంట్రాక్టరు దగ్గరా, నోటీసు పంపిన ప్రతి ఒక్కరి దగ్గరా 'మాకు ముట్టింది, హక్కు వదులుకున్నాం' అనే విడుదల పత్రం తీసుకోవాలి. చెక్కు ఇచ్చేటప్పుడు షరతుతో ఒకటి, చెక్కు చెల్లాక షరతు లేనిది ఒకటి. చట్టంలోనే నమూనాలున్నాయి. రశీదులన్నీ కూడా దాచండి, ఇల్లు అమ్మిననాడు ఈ ఖర్చు ఇంటి కొన్నధరకి కలుస్తుంది, పన్ను లెక్కలో పనికొస్తుంది.

ఇక మిగిలింది మా సరదాలు. సబ్బులు పెట్టుకునే గూడు 450. ఫ్రేము లేని గాజు తలుపు 1,500. నేల కింద వేడి తీగలు 1,600. కాంట్రాక్టరు ప్రతిదానికీ ఛేంజ్ ఆర్డరు రాసి సంతకం పెట్టించుకున్నాడు, ఒక్కటీ దాచలేదు. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కటీ సబబుగానే కనిపించింది. 'ఎలాగూ ఇంత పెడుతున్నాం కదా' అన్న వాక్యాన్ని మా ఇంట్లో ఆ నెలలో ఎన్నిసార్లు అన్నామో!

పనంతా అయ్యాక, 35,000 చూసి అందరిలాగే నేనూ కాంట్రాక్టరుని తిట్టుకున్నాను. ఒక రాత్రి కూర్చుని, పెరిగిన 8,600ని విడదీశాను. గోడ వెనక దొరికింది 2,550. చట్టం అడిగింది 600. అలవెన్సు దాటి మేం ఏరుకున్నవి 1,900, మధ్యలో మేం కలిపినవి 3,550. అంటే ఎవరికీ తెలియనిది, నేను చదవనిది కలిపి 3,150. మేం కోరి తెచ్చుకున్నది 5,450, అంటే 63 శాతం. ఒప్పందం మీద 15 శాతం, 3,960 డాలర్లు, పక్కన పెట్టుకుని దాన్ని గోడకీ చట్టానికీ తప్ప ముట్టుకోకుండా ఉంటే, ఆ నిధి సరిపోయి ఇంకా 810 మిగిలేది. కానీ నేను ఆ నిధిని పెట్టనే లేదు. పెట్టి ఉన్నా, గాజు తలుపుకే పోయేదేమో. బఫరుకి పేరు రాసిపెట్టకపోతే అది ఖర్చుపెట్టడానికి దొరికిన డబ్బులా కనిపిస్తుంది.

అమెరికా నేవీ 1958లో పొలారిస్ క్షిపణుల కోసం వాడిన పెర్ట్ లెక్క గుర్తుంది కదా: తక్కువ అంచనా, నాలుగు రెట్లు మామూలు అంచనా, ఎక్కువ అంచనా కలిపి ఆరుతో భాగించడం. దాన్ని మొత్తం గదికి వాడితే పెద్దగా తేలేదేమీ లేదు. కనబడని వాటికి విడిగా వాడండి. గొట్టాలకి తక్కువ సున్నా, మామూలు 800, ఎక్కువ 4,000 అనుకుంటే 1,200 వస్తుంది. నేలకి సున్నా, 600, 3,000 అనుకుంటే 900. మొత్తం 2,100. మాకు అయింది 2,550. ఈ అంకెలు నేను పని అయ్యాకే వేశానని ఒప్పుకుంటున్నాను, కాబట్టి నా ప్రతిభగా లెక్కించకండి. మీ ఇంటి వయసు, గొట్టాల రకం చెప్పి కాంట్రాక్టరునే ఆ మూడు అంకెలూ అడగండి, చెప్తాడు. 1978కి ముందు ఇల్లయితే సీసం రంగు గురించీ, పాత నేల పలకల్లో ఆస్బెస్టాస్ గురించీ కూడా అప్పుడే అడగండి.

నాలుగు వారాలన్న పని ఏడు వారాలు పట్టింది. గాజు తలుపు ఆలస్యానికి కారణం మామూలుదే: టైల్స్ పూర్తయ్యాక గానీ కొలత తీసుకోరు, ఆ కొలతకి గాజు కోసి తేవడానికి మళ్ళీ మూడు వారాలు. నాన్నగారు వచ్చేనాటికి దాని బదులు ఇరవై డాలర్ల ప్లాస్టిక్ తెర వేలాడుతోంది. ఆయన కడ్డీ పట్టుకుని లోపలికెళ్ళి, స్టూలు మీద కూర్చుని, కింది కుళాయితో బకెట్టు నింపుకుని స్నానం చేసి వచ్చారు. రెండువారాల తర్వాత గాజు తలుపు బిగించారు. "ఆ తెరే బావుండేదిరా, చెయ్యి పెడితే పక్కకి పోయేది" అన్నారు.

ఇప్పుడు రెండో స్నానాలగది వంతు వచ్చింది. ఎక్సెల్‌లో ఈసారి మొదటి వరస పేరు 'గోడ వెనక', 15 శాతం. చివరి వరస 'మా సరదా', అందులో మా ఆవిడ 1,500 వేసి తాళం పెట్టేసింది. వేడి నేల అక్కర్లేదా అని అడిగాను. "పోయిన చలికాలం ఆ స్విచ్చి ఎన్నిసార్లు వేశాం?" అంది. లెక్కపెట్టాను. నాలుగు సార్లు.