పట్టీలు పెట్టుకుంటేనే దగ్గరికొస్తారు!

ప్రశ్న: మాకు పెళ్లయి నాలుగేళ్లు. నాకు 29, మావారికి 33. మనిషి మంచివారే, ఇంటిపనిలోనూ చెయ్యి వేస్తారు. అయితే నా కాళ్లకు వెండి పట్టీలు ఉంటేనే రాత్రి దగ్గరికొస్తారు. మొదట్లో ముచ్చటగానే అనిపించేది. ఇప్పుడు ఆయనకు కావాల్సింది నేనా, పట్టీలా అని దిగులుగా ఉంటోంది. ఇది మానసిక జబ్బా? నాకు ఇష్టంలేని రోజు కూడా సరేననాలా?
– ఓ సోదరి, కార్ఖానా, సికింద్రాబాద్

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు బదులిస్తాను. అక్కర్లేదమ్మా. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు భార్యకూ ఉంటుంది.

ఇక జబ్బు సంగతి. వస్తువు మీదో, పాదాల్లాంటి శరీరభాగం మీదో లైంగిక ఆకర్షణ బలంగా నిలిచిపోవడాన్ని ఫెటిషిజం అంటారు. ఒకప్పుడు దీన్ని రోగాల్లో లెక్కగట్టేవారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లో ఆ పేరుతో జబ్బు లేదు. ఈ ఇష్టం వల్ల మనిషి నలిగిపోతున్నా, కాపురమో ఉద్యోగమో దెబ్బతింటున్నా చికిత్స గురించి ఆలోచిస్తాం.

ఇలాంటి ఇష్టం ఎందుకు కలుగుతుందో చెప్పడానికి ఒకే కారణం దొరకదు. 1966లో రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త ముగ్గురు పురుషులకు బూట్ల బొమ్మను, వెంటనే ఆకర్షణీయమైన స్త్రీల బొమ్మలను పదేపదే చూపించారు. కొన్నాళ్లకు ఒట్టి బూట్ల బొమ్మకే వాళ్ల శరీరం స్పందించింది. తర్వాత బూట్ల బొమ్మ ఒక్కటే చూపిస్తూ పోతే ఆ స్పందన తగ్గింది. మీవారి మనసులో పట్టీల సవ్వడి ఎప్పుడో ఇలాగే ముడిపడి ఉండొచ్చు. మీ అందంలో లోపం వెతుక్కోకండి.

ఈ మాట పడగ్గదిలో కాకుండా, పగలు తీరిగ్గా ఉన్నప్పుడు ఎత్తండి. ‘ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపాలి’ లాంటి ఎగతాళి వద్దు. సిగ్గుపడ్డ మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. మీకెలా అనిపిస్తోందో చెప్పండి. పట్టీలు ఎప్పుడు పెట్టుకోవాలో మీరే నిర్ణయించండి. మిగతా రోజుల్లో కలయిక గురించి తొందరపడకుండా కబుర్లతో, స్పర్శతో దగ్గరవ్వండి. పట్టీలు లేకుండా అసలు సాధ్యం కావడం లేదని ఆయనే బాధపడుతుంటే, ఇద్దరూ కలిసి క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీరు వద్దన్నా బలవంతం చేస్తే మాత్రం దాన్ని ఫెటిషిజం ఖాతాలో వేయకండి, అది హింస. అప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.